చూపును నిలిపే అమరిక: విజువల్ మర్చండైజింగ్ నేర్చుకునే విధానం

మామూలుగా నడిచే మనిషి సెకనుకు సుమారు 1.4 మీటర్లు ముందుకు సాగుతాడు. మూడు మీటర్ల వెడల్పున్న షో విండోను దాటడానికి అతనికి రెండు సెకన్లకు కొంచెం ఎక్కువ సమయం పడుతుంది. ఆ వ్యవధిలోనే అతని చూపు అద్దం వైపు తిరగాలి, లోపల ఉన్నదేమిటో అర్థం కావాలి, అడుగు నెమ్మదించాలి. రంగుల పొందిక, దీపం కోణం, బట్టలు తొడిగిన బొమ్మ నిలబడే తీరు, చీటీ మీది అక్షరం పరిమాణం వంటి విషయాల్లో విజువల్ మర్చండైజింగ్, అంటే కొనేవారి చూపు పడేలా దుకాణంలో సరుకును అమర్చే పని, పాటించే పద్ధతులు చాలావరకు ఈ స్వల్ప వ్యవధిని దృష్టిలో పెట్టుకుని ఏర్పడినవే. దుకాణం లోపలికి వచ్చాక సమయం కాస్త పెరుగుతుంది గాని సమస్య స్వభావం మారదు. వందలకొద్దీ వస్తువుల మధ్య ఒక మనిషి తనకు కావలసినదాన్ని ఎలా కనిపెట్టాలి, దాన్ని చేతిలోకి ఎలా తీసుకోవాలి అన్నదే ఈ పని చేసేవారి ముందు నిత్యం ఉండే ప్రశ్న.

నేర్చుకోవాలనుకునేవారిలో చాలామంది అలంకరణతో మొదలుపెడతారు. కాగితపు పూలు, రిబ్బన్లు, వేలాడే నక్షత్రాలు సమకూర్చుకుని, వాటి మధ్య సరుకును ఎక్కడ ఇమడ్చాలా అని ఆలోచిస్తారు. నా అభిప్రాయంలో ఇది తలకిందుల క్రమం. ముందుగా కొనేవారి నడకను, చూపును చదవడం రావాలి. తర్వాత కొద్దిపాటి వస్తువులను పొందికగా పెట్టడం రావాలి. రంగు, వెలుతురు ఆ తర్వాత నేర్వవలసినవి. అలంకరణ సామగ్రి అన్నిటికన్నా చివర. చిత్రకళలో శిక్షణ ఉన్నవారికి కొంత సౌలభ్యం ఉంటుంది గాని, అది లేనివారు వెనకబడిపోతామని భయపడనక్కరలేదు. ఈ వృత్తికి కావలసిన చూపు ప్రధానంగా సాధన వల్ల అలవడేదే.

కొనేవారిని చదవడం

ఒక నోటు పుస్తకం, పెన్ను తీసుకుని, బాగా జనం తిరిగే ఏదైనా దుకాణానికి ఎదురుగా, రోడ్డు అవతలి వైపు నిలబడండి. అరగంట పాటు నాలుగు అంకెలు మాత్రమే రాసుకోండి: ఆ కిటికీ ముందు నుంచి వెళ్లినవారు ఎంతమంది, తల తిప్పి చూసినవారు ఎంతమంది, ఆగినవారు ఎంతమంది, లోపలికి వెళ్లినవారు ఎంతమంది. ఇదే పనిని మరో వేళ, మరో దుకాణం ముందు చేయండి. రెండు పక్కపక్క దుకాణాల ముందు నుంచి ఒకే జనం నడుస్తున్నా, తల తిప్పేవారి సంఖ్యలో తేడా కనబడితే, ఆ తేడా ఎక్కడినుంచి వస్తున్నదో వెతకడమే మీ మొదటి పాఠం అవుతుంది.

జనం ఏ దిక్కు నుంచి వస్తున్నారన్నది కూడా గమనించండి. చాలామంది కిటికీకి ఎదురుగా నడిచి రారు, దాని పక్కగా నడుస్తారు. అందువల్ల వారికి మొదట కనిపించేది కిటికీ పక్కకోణం. అద్దానికి సరిగ్గా ఎదురుగా నిలబడి చూసుకుంటూ తీర్చిదిద్దిన అమరిక, పక్కనుంచి వచ్చేవారికి ఒక బొమ్మ వెనక మరో బొమ్మ దాగిపోయి గందరగోళంగా కనిపించవచ్చు. ప్రధాన వస్తువును ఎక్కువమంది వచ్చే దిక్కుకు కొద్దిగా తిప్పి పెట్టడం అనే చిన్న మార్పుకు ఖర్చేమీ ఉండదు.

లోపలికి వెళ్లాక ద్వారం దగ్గర కాసేపు ఉండి చూడండి. దుకాణాల్లో జనం ప్రవర్తనను దగ్గరగా పరిశీలించిన అమెరికన్ పరిశోధకుడు పాకో అండర్‌హిల్, గుమ్మం దాటిన వెంటనే ఉండే కొద్ది అడుగుల చోటుకు డీకంప్రెషన్ జోన్ అని పేరు పెట్టాడు. బయటి వెలుతురు నుంచి లోపలి వెలుతురుకు కళ్లు అలవాటు పడుతూ, ఎటు వెళ్లాలో తేల్చుకుంటూ మనుషులు ఆ చోటును వేగంగా దాటేస్తారు. అక్కడ పెట్టిన చీటీలు, చిన్న వస్తువులు చాలామంది కంటపడవు. ముఖ్యమైన బల్లను రెండు మూడు మీటర్లు లోపలికి జరిపితే దాని దగ్గర ఆగేవారు పెరగడం మీరే చూడవచ్చు. అండర్‌హిల్ గమనించిన మరో విషయం ఇరుకు దారులకు సంబంధించినది. వంగి వస్తువులు చూస్తున్నవారికి వెనకనుంచి వెళ్లేవారు ఒకటి రెండుసార్లు తగిలితే, వారు చూడడం మానేసి అక్కడినుంచి కదిలిపోతారు. దీన్ని బట్టి, నిదానంగా పరిశీలించి కొనవలసిన వస్తువులను ఇరుకు దారిలో పెట్టకూడదని తెలుస్తుంది. చక్రాల కుర్చీ పోవడానికి కనీసం 90 సెంటీమీటర్ల దారి కావాలి. ఇద్దరు ఎదురెదురుగా దాటుకోవాలంటే అది ఇంకా పెరగాలి.

ప్రతి పరిశీలన చివరా మూడు ప్రశ్నలకు జవాబులు రాసుకోండి. నా కన్ను మొదట దేని మీద పడింది? ఆ దుకాణం దేన్ని అమ్మదలచుకుంది? ఈ అమరిక నుంచి ఒక్కదాన్ని తీసేయవలసి వస్తే ఏది తీస్తాను? మొదటి రెండు జవాబులు ఒకటే అయితే ఆ డిస్‌ప్లే తన పని చేసినట్టే. మూడో ప్రశ్న మీకోసం. ఏది అక్కరలేదో గుర్తించే అలవాటు తర్వాత మీ సొంత పనిలో అక్కరకు వస్తుంది.

బల్ల మీద సాధన

దుకాణంలో ఉద్యోగం దొరికేదాకా ఆగనక్కరలేదు. ఒక బల్ల, వెనక గోడకు తగిలించిన ఒకే రంగు దుప్పటి, రకరకాల ఎత్తుల్లో మూడు నాలుగు అట్టపెట్టెలు, ఒక టేబుల్ లైటు ఉంటే సాధన మొదలుపెట్టవచ్చు. పెట్టెలకు తెల్ల కాగితం చుట్టితే అవే మీ ఎత్తుపీటలు.

మొదట ఒక్క వస్తువుతో చేయండి. ఒక బూటో, ఒక గాజు కూజాయో తీసుకుని, బల్ల మీద ఎక్కడ పెడితే అది ముఖ్యమైనదిగా కనిపిస్తుందో వెతకండి. సరిగ్గా నడిమధ్యన పెట్టినప్పుడు, కొంచెం పక్కకు జరిపినప్పుడు, పీట మీద ఎత్తినప్పుడు ఫొటోలు తీసి పక్కపక్కన పెట్టి పోల్చుకోండి. ఒక చట్రంలో కన్ను సహజంగా నిలిచే చోటు కొలతల ప్రకారం ఉండే నడిబిందువుకు కొద్దిగా పైన ఉంటుందని అప్పుడు గ్రహిస్తారు. వస్తువు చుట్టూ వదిలిన ఖాళీ స్థలం ఎంత ఎక్కువైతే దాని విలువ అంత ఎక్కువగా తోస్తుంది. ఖరీదైన వస్తువులమ్మే దుకాణాల్లో అరకు ఒకటి రెండు మాత్రమే ఉండడానికి, చవక దుకాణాల్లో బుట్టల నిండా సరుకు కుమ్మరించి ఉండడానికి కారణం ఇదే. నిండుగా ఉన్న బుట్ట ధర తక్కువని చెప్పకనే చెబుతుంది. ఏది కావాలో దుకాణం స్వభావాన్ని బట్టి ఎంచుకోవాలి గాని, రెండిట్లో ఒకటి గొప్పదని మరొకటి తక్కువదని అనుకోకూడదు.

తర్వాత మూడు వస్తువులతో త్రికోణం కట్టడం నేర్చుకోండి. ఎత్తైనది ఒకటి, మధ్యస్థంగా ఒకటి, పొట్టిది ఒకటి. వాటి శిఖరాలను కలుపుతూ గీత గీసినట్టు ఊహిస్తే త్రికోణం రావాలి. కన్ను శిఖరం దగ్గర మొదలై అంచుల వెంట కిందికి జారి మళ్లీ పైకి వస్తుంది, చెదిరిపోదు. త్రికోణం అన్ని వైపులా సమానంగా ఉంటే నిలకడగా, గంభీరంగా కనిపిస్తుంది. శిఖరం ఒక పక్కకు ఉంటే చలనం తోస్తుంది. సమతూకం తప్పకుండా శిఖరాన్ని పక్కకు జరపడం కొంచెం కష్టమైన సాధన. ఒక వైపున్న పెద్ద లేతరంగు వస్తువుకు రెండో వైపు చిన్న ముదురురంగు వస్తువు తూగుతుందని, రెండు మూడు చిన్నవి కలిసి ఒక పెద్దదానికి సరితూగుతాయని చేసి చూస్తేనే బోధపడుతుంది. బేసి సంఖ్యలో పెట్టినవి సరి సంఖ్యలో పెట్టినవాటికన్నా ఒకే గుంపుగా కనిపిస్తాయని వృత్తిలో ఉన్నవారు అంటారు. ఇది సాధారణంగా నిజమే, కాని శాసనం కాదు. ఒకేలా ఉండే వస్తువులను వరుసగా, సమాన దూరాల్లో పేర్చినప్పుడు ఆ పునరావృత్తే బలమవుతుంది. అక్కడ సంఖ్యతో పెద్దగా పనిలేదు, దూరాలు మాత్రం వెంట్రుకవాసి కూడా తేడా రాకూడదు.

ప్రతి అమరికనూ రెండు విధాలుగా పరీక్షించండి. కళ్లు సగం మూసి చూస్తే వివరాలు మసకబారి పెద్ద ఆకారాలు మాత్రమే మిగులుతాయి. ఆ ఆకారాల్లో ముఖ్యమైనది ముందుకు రావాలి. రెండోది, ఫొటోను నలుపు తెలుపులోకి మార్చడం. రంగుల్లో అందంగా ఉన్న అమరిక నలుపు తెలుపులో ఒకే బూడిదరంగు ముద్దగా కనిపిస్తే, దానిలో వెలుగునీడల తేడా చాలలేదన్నమాట. దూరం నుంచి చూసేవారికి రంగుకన్నా ఈ తేడాయే ముందుగా అందుతుంది.

రంగు

రంగుల విషయంలో నేర్చుకునేవారు తప్పక తెలుసుకోవలసిన చరిత్ర ఒకటుంది. పారిస్‌లోని గోబెలిన్ వస్త్ర కర్మాగారంలో రంగుల అద్దకాన్ని పర్యవేక్షించిన రసాయన శాస్త్రవేత్త మిషెల్ యూజీన్ షెవ్రోల్‌కు నల్లరంగు సరిగా పట్టడం లేదని ఫిర్యాదులు అందాయి. పరీక్షించి చూస్తే రంగులో లోపమేమీ లేదు. నల్ల దారం పక్కన ఉన్న నీలి, ఊదా దారాల వల్ల ఆ నలుపు వెలిసినట్టు కంటికి కనబడుతోంది. ఈ పరిశీలనను విస్తరించి ఆయన 1839లో రంగుల ఏకకాల వైరుధ్యం గురించిన సిద్ధాంతాన్ని ప్రచురించాడు. ఒక రంగు ఎలా కనిపిస్తుందన్నది దాని పక్కనున్న రంగును బట్టి మారుతుందన్నదే దాని సారం.

ఈ సూత్రం మీ చేతికి వచ్చేదాకా సాధన చేయండి. ఒకే బూడిదరంగు చొక్కాను ఒకసారి నల్లని తెర ముందు, మరోసారి తెల్లని తెర ముందు, ఇంకోసారి నారింజ రంగు ముందు పెట్టి ఫొటోలు తీయండి. నల్లని తెర ముందు లేతగా, తెల్లని తెర ముందు ముదురుగా, నారింజ ముందు కొద్దిగా నీలిఛాయతో కనబడుతుంది. రంగుల చక్రంలో ఎదురెదురుగా ఉండేవి ఒకదాన్నొకటి రెచ్చగొడతాయి, పక్కపక్కన ఉండేవి శాంతంగా కలిసిపోతాయి. షో విండోలో రెండు సెకన్ల చూపు కోసం మొదటి పద్ధతి, లోపల నిదానంగా చూడవలసిన చోట రెండో పద్ధతి మేలని నేను చెబుతాను. బాగా నప్పే నిష్పత్తి తెలియనప్పుడు, అమరికలో సగానికి పైగా ఒక రంగు, దానికి తోడుగా మరొకటి, అక్కడక్కడ మెరుపులా మూడోది అనే పద్ధతితో మొదలుపెట్టండి.

గోడ నిండా బట్టలు పేర్చేటప్పుడు రంగులను అడ్డంగా పరచాలా, నిలువుగా దించాలా అన్న ప్రశ్న వస్తుంది. మనిషి చూపు నడకతో పాటు అడ్డంగా సాగుతుంది. రంగులు అడ్డ వరుసల్లో ఉంటే, కంటి ఎత్తులో ఉన్న రంగు ఒక్కటే అందరికీ కనబడి, పై వరుసలోని, కింది వరుసలోని రంగులు మరుగున పడతాయి. నిలువు పట్టీలుగా పెడితే నడిచే మనిషి కంటి ఎత్తులో అన్ని రంగులూ వరుసగా ఎదురవుతాయి. అందుకే చాలాచోట్ల నిలువు పట్టీలే కనిపిస్తాయి. ఒక పట్టీ నుంచి మరొక పట్టీకి లేత నుంచి ముదురుకో, వెచ్చని రంగుల నుంచి చల్లని రంగులకో క్రమంగా నడపాలి.

వెలుతురు

నేర్చుకునేవారు అన్నిటికన్నా తక్కువగా పట్టించుకునేది, పనిలో అన్నిటికన్నా ఎక్కువ ఫలితమిచ్చేది వెలుతురే. సాధారణమైన చొక్కాను సరైన దీపం నిలబెడుతుంది, గొప్ప చొక్కాను తప్పు దీపం చంపేస్తుంది.

మొదటి విషయం, అంతటా సమానంగా పరచిన వెలుతురులో ఏదీ ముఖ్యంగా కనిపించదు. పరిసరాలకన్నా వస్తువు మీద కనీసం మూడు రెట్లు వెలుతురు పడితే కన్ను ఆ తేడాను పట్టుకుంటుంది, ఐదు రెట్లు పడితే అది స్పష్టంగా ముందుకు వస్తుంది. పడే వెలుతురును లక్స్ అనే ప్రమాణంలో కొలిచే చిన్న మీటరు ఒకటి కొనుక్కోవడం మంచి పెట్టుబడి. రెండో విషయం దూరం. చిన్న దీపం నుంచి వస్తువు దూరం రెట్టింపైతే దాని మీద పడే వెలుతురు నాలుగో వంతుకు తగ్గిపోతుంది. పైకప్పు బాగా ఎత్తుగా ఉన్న దుకాణంలో వాటేజి పెంచుతూ పోవడంకన్నా, దీపాన్ని కిందికి దించడమో, ఇరుకైన కిరణమున్న స్పాట్‌లైటు వాడడమో తెలివైన పని.

కోణం విషయంలో, నిలువు నుంచి 30 డిగ్రీల వంపుతో మొదలుపెట్టి సర్దుకోవడం మంచిది. దీపం సరిగ్గా నెత్తిమీద ఉంటే బొమ్మ కళ్ల కింద, గడ్డం కింద నల్లని నీడలు పడతాయి. మరీ వంచితే కొనేవారి కళ్లలో గుచ్చుకుంటుంది, లేదా వారి నీడే వస్తువు మీద పడుతుంది. ఒక వైపు నుంచి బలమైన దీపం, రెండో వైపు నుంచి బలహీనమైన దీపం వేస్తే బట్ట మడతలు, తోలు ముడతలు, అల్లిక గరుకుదనం తెలుస్తాయి. రెండు వైపులా సమానంగా వేస్తే ఆ లోతంతా చదునవుతుంది. గాజు సామానుకు ముందు నుంచి కాక వెనక నుంచో, కింది నుంచో వెలుతురు ఇవ్వాలి.

దీపం రంగును కెల్విన్లలో కొలుస్తారు. 2700 నుంచి 3000 దాకా పసుపుఛాయ వెచ్చదనం, 4000 దగ్గర తటస్థమైన తెలుపు, 5000 దాటితే నీలిఛాయ పగటి వెలుతురు. తోలుకు, కలపకు, వెచ్చని రంగుల బట్టలకు మొదటిది నప్పుతుంది. వెండికి, గాజుకు, పనిముట్లకు తటస్థమైన తెలుపు బాగుంటుంది. రంగులను ఎంత నిజంగా చూపుతుందో చెప్పే సీఆర్ఐ విలువ 100కు 90 పైన ఉన్న దీపాలనే బట్టల దగ్గర వాడండి. అయితే ఈ సాధారణ సీఆర్ఐ ఎనిమిది లేత రంగుల నమూనాల సగటు మాత్రమే. ముదురు ఎరుపును దీపం ఎలా చూపుతుందన్నది ఆర్9 అనే వేరే అంకెలో ఉంటుంది. ఎరుపు రంగు సరుకు ఎక్కువగా ఉన్న దుకాణంలో ఆ అంకె అడిగి మరీ తెలుసుకోవాలి. ఒక దీపం కింద సరిగ్గా కలిసిన రెండు బట్టలు ఎండలో వేర్వేరు రంగులుగా తేలడం కూడా జరుగుతుంది. జతగా చూపేవాటిని బయటి వెలుతురులో ఒకసారి చూసుకునే బొమ్మకు తొడగండి.

పగటిపూట షో విండో అద్దంలో ఎదుటి వీధి ప్రతిబింబమే కనిపిస్తే లోపలి శ్రమంతా వృథా. బయటి వెలుతురుతో దీపాలు పోటీపడలేవు కనుక, వెనక తెరను లేత రంగులో ఉంచడం, వస్తువులను అద్దానికి దగ్గరగా జరపడం, పైన పందిరి నీడ ఉండేలా చూడడం వంటి ఉపాయాలు వాడాలి. నల్లని వెనక తెర పగలు అద్దాన్ని దర్పణంగా మారుస్తుంది. ఎండ నేరుగా పడే కిటికీలో బట్టలు వెలిసిపోతాయి గనుక వాటిని తరచుగా మార్చాలి.

బొమ్మకు బట్ట తొడగడం

మానెకిన్‌తో పని పూర్తిగా చేతి నైపుణ్యం. చదివితే రాదు, కాని క్రమం తెలిస్తే త్వరగా పట్టుబడుతుంది. ముందుగా బట్టను స్టీమరుతో ముడతలు లేకుండా చేయాలి. బొమ్మకు తొడిగాక ఆవిరి పడితే కొన్ని బొమ్మల రంగు పెచ్చులూడుతుంది. శుభ్రమైన చేతులతోనో, నూలు చేతి తొడుగులతోనో బొమ్మను విడదీయండి. సాధారణంగా చేతులు, పై భాగం, కాళ్లు విడివిడిగా వస్తాయి. ప్యాంటును కాళ్ల భాగాన్ని తలకిందులుగా పట్టుకుని ముందే తొడిగి, ఆ తర్వాతే పీఠానికి బిగించాలి. పీఠం కడ్డీ పాదంలోకి వెళ్లే రకమైతే బూటుకు అడుగున రంధ్రం చేయవలసి వస్తుంది, పిక్కలోకి వెళ్లే రకమైతే ఆ ఇబ్బంది ఉండదు. కొనేటప్పుడే ఈ తేడా చూసుకోవాలి. చొక్కాను చేతులు లేని మొండేనికి తొడిగి, మెడ వైపు నుంచో కింది నుంచో చేతులను లోపలికి పోనిచ్చి, భుజం దగ్గర తాళం పడేదాకా తిప్పండి.

బొమ్మలు సన్నగా ఉంటాయి కాబట్టి బట్ట వదులవుతుంది. వెనక వైపు, ఎవరికీ కనిపించని చోట, కుట్టు వెంబడి గుండుసూదులతో పట్టండి. మరీ బిగిస్తే కొనేవారు తాము వేసుకున్నప్పుడు వేరుగా ఉందని నిరాశపడతారు. బట్ట ఎలా వేలాడుతుందో నిజాయితీగా చూపేంత మాత్రమే పట్టాలి. చొక్కా చేతుల్లోపల టిష్యూ కాగితం కుక్కితే గుండ్రదనం వస్తుంది. కాలరు, బొత్తాములు, చేతి మడతలు రెండు వైపులా సమానంగా ఉన్నాయో లేదో చూసుకుని, ధర చీటీని లోపలికి దోపండి. రెండు మూడు బొమ్మలను కలిపి పెట్టేటప్పుడు అవి ఒకదానితో ఒకటి మాట్లాడుకుంటున్నట్టో, ఒకే దిక్కుకు చూస్తున్నట్టో నిలబెట్టాలి. వరుసగా ఒకే దూరంలో, ఒకే దిక్కుకు నిటారుగా నిలబడ్డ బొమ్మలు ఉద్దేశపూర్వకంగా చేస్తే తప్ప బిగుసుకుపోయినట్టు ఉంటాయి.

అరలు, బల్లలు, చీటీలు

ఇది కొంత పొడిగా ఉండే విషయమే గాని, రోజువారీ పనిలో ఎక్కువ సమయం ఇక్కడే గడుస్తుంది. ఏ అరలో ఏ సరుకు, ఎన్ని వరుసల్లో, ఎంత ఎత్తులో ఉండాలో చూపే పటాన్ని ప్లానోగ్రామ్ అంటారు. ముందు నుంచి కనిపించే ఒక్కో ప్యాకెట్టును ఒక ఫేసింగ్‌గా లెక్కిస్తారు. బాగా అమ్ముడయ్యేదానికి ఎక్కువ ఫేసింగ్‌లు ఇస్తే అది త్వరగా ఖాళీ కాదు. పెద్దల కంటి ఎత్తు దాదాపు 1.5 మీటర్లు. అక్కడినుంచి నడుము ఎత్తు దాకా ఉన్న మధ్య భాగమే అందరికీ సులభంగా అందే చోటు. పిల్లల వస్తువులు దానికన్నా కిందికి, బరువైనవి అన్నిటికన్నా కిందికి వెళ్లాలి. దారి చివర, జనం వైపు తిరిగి ఉండే ఎండ్ క్యాప్ అరలో ఒకే ఉద్దేశం చూపండి. అక్కడ పది రకాలు కలిపితే దాని బలం పోతుంది.

బల్ల మీద మడిచిన బట్టలకు ఒకే కొలత అట్టను లోపల పెట్టి మడిచి, అట్టను తీసేస్తే దొంతరలు ఒకే వెడల్పులో వస్తాయి. మరీ చక్కగా, ముట్టుకుంటే చెడిపోతుందేమో అన్నట్టు పేర్చిన దొంతరను చాలామంది కదపరు. పైన ఒకదాన్ని కాస్త విప్పి ఉంచితే చేయి చాపడానికి అనుమతి ఇచ్చినట్టు ఉంటుంది. చీటీ మీది అక్షరాలకు సులువైన లెక్క, మూడు మీటర్ల దూరం నుంచి హాయిగా చదవాలంటే అక్షరం ఎత్తు 2.5 సెంటీమీటర్లు ఉండాలి. మాటలు తగ్గించండి. చేతిరాత చాలా బాగుంటే తప్ప అచ్చు వేయించండి.

షో విండోను కట్టే క్రమం

షో విండోలకు పెద్ద చరిత్ర ఉంది. పెద్ద పెద్ద అద్దపు పలకలు 19వ శతాబ్దంలో అందుబాటులోకి వచ్చాకే వీధికి ఎదురుగా సరుకును ఇలా ప్రదర్శించడం సాధ్యమైంది. చికాగోలో ఎల్. ఫ్రాంక్ బామ్ 1897లో కిటికీల అలంకరణ కోసమే ఒక పత్రిక ప్రారంభించాడు. పిల్లల కథా రచయితగా ఆయనకు పేరు వచ్చింది ఆ తర్వాతే. అదే చికాగోలో పని నేర్చిన హ్యారీ గోర్డన్ సెల్ఫ్‌రిడ్జ్ 1909లో లండన్‌లో తన దుకాణం తెరిచి, రాత్రి దాన్ని మూసిన తర్వాత కూడా కిటికీల్లో దీపాలు వెలిగించి ఉంచాడు. నాకు అన్నిటికన్నా బోధకంగా తోచేది న్యూయార్క్‌లోని టిఫనీ నగల దుకాణం కిటికీల కోసం 1955 నుంచి 1994 దాకా పనిచేసిన జీన్ మూర్ పద్ధతి. చిన్న కిటికీ, అందులో ఒక బుల్లి దృశ్యం, ఆ దృశ్యంలో వెతికితే దొరికే ఒకటి రెండు నగలు. కొద్ది సరుకుతో మనిషిని ఆపి, దగ్గరికి రప్పించి, తొంగి చూసేలా చేయడం ఎలాగో ఆ పని ఫొటోలు చూసి నేర్చుకోవచ్చు.

మీ వంతు వచ్చినప్పుడు, ముందుగా ఒకే వాక్యంలో ఆ కిటికీ ఏం చెప్పాలో రాసుకోండి. "వాన కాలానికి తేలికైన బూట్లు వచ్చాయి" అన్నంత స్పష్టంగా ఉండాలి. ఆ వాక్యానికి పనికిరాని ప్రతి వస్తువునూ పక్కన పెట్టండి. కిటికీ ఎత్తు, వెడల్పు, లోతు, కరెంటు పాయింట్లు, పైన కొక్కేలు ఎక్కడున్నాయో కొలిచి, 1:20 నిష్పత్తిలో కాగితం మీద గీయండి. వీలైతే అట్టతో చిన్న నమూనా చేయండి. కంప్యూటర్‌లో త్రిమితీయ నమూనాలు గీసే స్కెచప్ వంటి సాఫ్ట్‌వేర్ తర్వాత నేర్చుకోవచ్చు, పెద్ద సంస్థల్లో పనికి అది కావలసిందే, కాని చేత్తో గీసినప్పుడు అలవడే కొలతల అంచనా చాలా విలువైనది.

సంచిలో ఉండవలసినవి: కొలత టేపు, రసమట్టం, కత్తెర, కట్టర్, గుండుసూదులు, స్టేపుల్ గన్, రెండు వైపులా అంటుకునే టేపు, గ్లూ గన్, వస్తువులను వేలాడదీయడానికి కనబడని నైలాన్ దారం, అద్దం తుడిచే గుడ్డ. దారం మోయగల బరువు దాని చుట్ట మీద రాసి ఉంటుంది. మీ వస్తువు బరువు అందులో సగానికి మించకూడదని నియమం పెట్టుకోండి. అమర్చే క్రమం వెనక నుంచి ముందుకు, పై నుంచి కిందికి. దీపాలు చివర. మధ్యమధ్యలో బయటికి వెళ్లి, రోడ్డు అవతలి నుంచి, రెండు పక్కల నుంచి చూడకుండా ఏ పనీ ముగించకండి. రాత్రి మళ్లీ ఒకసారి చూడండి.

అగ్నిప్రమాదం జరిగినప్పుడు బయటికి పోయే దారికి, మంటలార్పే పరికరాలకు ఏ అమరికా అడ్డు రాకూడదు. నీళ్లు చిమ్మే స్ప్రింక్లర్లు పైకప్పుకు ఉంటే వాటి కింద కనీసం 45 సెంటీమీటర్ల ఖాళీ వదలాలి. వేడెక్కే దీపాన్ని కాగితానికి, బట్టకు దగ్గరగా పెట్టకండి. నిచ్చెన ఎక్కేటప్పుడు కింద ఒక మనిషి ఉండాలి.

పెట్టాక దాన్ని కాపాడడం కూడా పనిలో భాగమే. ధూళి పట్టిన బొమ్మ, ఆరిపోయిన ఒక్క దీపం, పక్కకు ఒరిగిన చీటీ మొత్తం దుకాణం మీద నమ్మకాన్ని తగ్గిస్తాయి. ఉదయం దుకాణం తెరవకముందే పది నిమిషాలు అన్నీ తిరిగి చూసే అలవాటు చేసుకోండి. కిటికీలో చూపిన వస్తువు లోపల ఎక్కడుందో అమ్మేవారికి ముందే చెప్పండి. దాని కోసమే వచ్చిన మనిషికి అది దొరకకపోతే మీ పని దుకాణానికి మేలు చేయకపోగా కీడు చేస్తుంది.

ఫలితాన్ని కొలవడం

మొదటి రోజుల్లో రాసుకున్న ఆ నాలుగు అంకెలే ఇప్పుడు మీ కొలబద్ద. అమరిక మార్చడానికి ముందు ఒక వారం, మార్చాక ఒక వారం, ఒకే రోజుల్లో ఒకే వేళల్లో లెక్కించి, దాటిపోయినవారిలో ఆగినవారి శాతాన్ని, ఆగినవారిలో లోపలికి వచ్చినవారి శాతాన్ని పోల్చండి. ఆగేవారు పెరిగి లోపలికి వచ్చేవారు పెరగకపోతే కిటికీ ఆకర్షిస్తోంది గాని సరుకు గురించి చెప్పడం లేదని అర్థం. లోపలికి వచ్చినవారు పెరిగి కొన్నవారు పెరగకపోతే సమస్య లోపలి అమరికలోనో, ధరలోనో, సరుకులోనో ఉంది. అమ్మకాలు పెరిగిన ప్రతిసారీ అది మీ ఘనతేనని అనుకోకండి. వాతావరణం, సెలవులు, ధర తగ్గింపు కూడా అదే వారంలో మారి ఉండవచ్చు. అందువల్ల వీలైనప్పుడు ఒకసారికి ఒక్కటే మార్చండి. రెండు కిటికీలుంటే ఒకదాన్ని మార్చకుండా ఉంచి పోల్చడం ఇంకా నమ్మదగినది.

పని సంపాదించడం

కోర్సులు, డిప్లొమాలు ఉపయోగపడతాయి గాని, ఉద్యోగమిచ్చేవారు అడిగేది పోర్ట్‌ఫోలియో, అంటే మీరు చేసిన పనుల సంకలనం. దానిలో పది పన్నెండు పనులు చాలు. ఒక్కో పనికి ముందటి ఫొటో, తర్వాతి ఫొటో, మీరు గీసిన పటం, మీరు రాసుకున్న ఆ ఒక్క వాక్యం, ఉంటే అంకెలు జతపరచండి. ఇంట్లో బల్ల మీద చేసిన సాధన కూడా నిస్సంకోచంగా పెట్టవచ్చు, సాధన అని స్పష్టంగా రాస్తే చాలు. జట్టుగా చేసినదైతే మీరు చేసిన భాగమేదో చెప్పండి. ఫొటోలను ఎదురుగా ఒకటి, జనం వచ్చే కోణం నుంచి ఒకటి, రాత్రివేళ ఒకటి తీయండి.

మొదటి అవకాశం కోసం ఒంటరిగా నడిచే చిన్న దుకాణాలను అడగండి. వాటి యజమానులకు అమరిక మీద ఖర్చుపెట్టే స్తోమత, తీరిక ఉండవు. ఒక కిటికీనో, ఒక బల్లనో ఒక వారం పాటు మార్చి, అంకెలు చూపి, నచ్చకపోతే మునుపటిలాగే పెట్టేస్తానని చెబితే ఒప్పుకునేవారు ఉంటారు. పెద్ద సంస్థలో చేరదలచినవారు ముందు అదే సంస్థలో అమ్మే పనిలో కొన్ని నెలలు ఉండడం మంచి దారి. కొనేవారు ఏమడుగుతారో, ఏ వస్తువును పట్టుకుని మళ్లీ పెట్టేస్తారో అమ్మేవారికి తెలిసినంతగా మరెవరికీ తెలియదు. ఇంటర్వ్యూలో చాలాచోట్ల ఒక చిన్న బల్ల, కొంత సరుకు, అరగంట సమయం ఇచ్చి అమర్చమంటారు. అప్పుడు మొదటి ఐదు నిమిషాలు దేన్నీ ముట్టుకోకుండా, ఎవరికి అమ్మాలో, ఏది ముఖ్యమో తేల్చుకోవడానికి వాడండి. ఇచ్చిన సరుకంతా వాడాలని నియమం పెట్టకపోతే మిగిలినదాన్ని పక్కన పేర్చి ఉంచండి. చివరి ఐదు నిమిషాలు ధూళి తుడవడానికి, చీటీ సరిచేయడానికి, నాలుగు అడుగులు వెనక్కి వెళ్లి చూసుకోవడానికి ఉంచుకోండి. ఎందుకు అలా పెట్టారని అడిగినప్పుడు, మనిషి ఎటునుంచి వస్తాడు, మొదట ఏం చూస్తాడు, తర్వాత ఏది చేతిలోకి తీసుకుంటాడు అన్న వరుసలో సమాధానం చెప్పండి.